ఆడవాళ్ల లెక్కలోనూ లేరు, నల్లవాళ్ల లెక్కలోనూ లేరు

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జనరల్ మోటార్స్ వాళ్ల కార్ల ఫ్యాక్టరీ ఉండేది. 1964కు ముందు ఆ కంపెనీ నల్లజాతి మహిళలను పనిలోకే తీసుకోలేదు. ఆడవాళ్లను తీసుకుంది, వాళ్లు తెల్లజాతివాళ్లు, ఆఫీసు పనులకు. నల్లవాళ్లను తీసుకుంది, వాళ్లు మగవాళ్లు, ఫ్యాక్టరీ లోపలి పనులకు. ఉద్యోగాల్లో వివక్ష చూపకూడదని 1964లో చట్టం వచ్చాక, అదీ 1970 దాకా వచ్చేసరికి గానీ నల్లజాతి మహిళలకు ఆ గేటు సరిగ్గా తెరుచుకోలేదు. తెరుచుకుని నాలుగేళ్లయినా కాకముందే చమురు సంక్షోభం వచ్చింది, కార్ల అమ్మకాలు పడిపోయాయి, లేఆఫ్‌లు మొదలయ్యాయి. లేఆఫ్‌కు పెట్టుకున్న రూలు ఒక్కటే: ఆఖర్న చేరినవాళ్లు ముందు పోవాలి.

సీనియారిటీ రూలులో తప్పు పట్టడానికి ఏమీ లేదనిపిస్తుంది. మేనేజరు తనకు నచ్చనివాణ్ని తీసెయ్యకుండా కార్మికులు పోరాడి తెచ్చుకున్న రక్షణ అది, మన దగ్గరైనా అంతే. అయితే ఆ లిస్టులో ఒక్కొక్కరి పేరు పక్కన ఉన్న తేదీ ఎలా వచ్చింది అన్నది ఎవరూ అడగరు. ఒక నల్లజాతి మహిళ పేరు పక్కన 1962 అనో 1963 అనో ఎందుకు లేదంటే, ఆ సంవత్సరాల్లో ఆమె వచ్చి అడిగినా పని ఇచ్చేవాళ్లు కాదు కాబట్టి. నిన్నటిదాకా లోపలికి రానివ్వలేదు, ఇవాళ ఆలస్యంగా వచ్చావు కాబట్టి బయటికి పొమ్మన్నారు. 1970 తర్వాత చేరిన నల్లజాతి మహిళలందరి ఉద్యోగాలూ ఆ లేఆఫ్‌లో పోయాయి.

ఎమ్మా డీగ్రాఫెన్‌రీడ్, ఆమెతో పాటు మరో నలుగురు నల్లజాతి మహిళలు కోర్టుకు వెళ్లారు. 1976 మేలో తీర్పు వచ్చింది. కంపెనీ 1964కు చాలా ముందు నుంచే ఆడవాళ్లను తీసుకుంటోంది, కాబట్టి ఆడవాళ్లన్న వివక్ష జరిగినట్టు కాదు అంది కోర్టు. నల్లవాళ్లన్న వివక్ష సంగతైతే, అదే కంపెనీ మీద నల్లజాతి ఉద్యోగులు వేసిన కేసు మరొకటి నడుస్తోంది, వెళ్లి అందులో కలవమంది. మాది ఆ కేసు కాదు, మేం అడుగుతున్నది నల్లజాతి మహిళలుగా మాకు జరిగినదాని గురించి అని వాళ్లు మొత్తుకున్నారు. అలాంటి ప్రత్యేక వర్గం ఒకటి ఉందని ఇంతకుముందు ఏ తీర్పూ చెప్పలేదని, రెండు రకాల రక్షణలను కలిపి ఒక పెద్ద రక్షణను తయారు చేసుకోవడం కుదరదని కోర్టు తేల్చేసింది. ఒకసారి ఒప్పుకుంటే వర్గాలను ఇలా కలుపుకుంటూ పోతారు, దానికి అంతుండదు అన్నది జడ్జి గారి భయం.

ఆ మహిళలు అడిగింది మిగతావాళ్లకంటే ఎక్కువేమీ కాదు. తెల్లజాతి మహిళ ఆడదాన్నని కోర్టుకెక్కవచ్చు. నల్లజాతి పురుషుడు నల్లవాణ్ని అని ఎక్కవచ్చు. ఈ రెండూ అయిన మనిషి మాత్రం తనలో ఒక సగాన్ని బయట వదిలేసి రావాలి, వదిలేసి వచ్చాక మిగిలిన సగానికి అన్యాయమే జరగలేదు పొమ్మంటారు. ఒక సంవత్సరం తర్వాత పై కోర్టు, కింది కోర్టు చెప్పిన కారణాలతో తాము పూర్తిగా ఏకీభవించడం లేదని అన్నదే గానీ, ఆ మహిళలకు సీనియారిటీ దగ్గర ఉపశమనం దొరకలేదు.

అసలు ఆ 1964 చట్టంలో 'స్త్రీ పురుష భేదం' అన్న మాట ఉండడానికి కారణమైనవాళ్లలో ఒక నల్లజాతి లాయరు ఉన్నారు, పౌలీ మర్రే. ఆమె కథ వింటే ఈ విషయం మొత్తం ఒకే జీవితంలో కనిపిస్తుంది. 1938లో నార్త్ కరోలినా యూనివర్సిటీకి అప్లై చేస్తే, నల్లవాళ్లను చేర్చుకోం అన్నారు. నల్లజాతి విద్యార్థుల కోసం ఉన్న హోవర్డ్ యూనివర్సిటీలో లా చదివి 1944లో క్లాసులో మొదటి స్థానంలో వచ్చారు. అలా మొదట వచ్చినవాళ్లు పై చదువుకు హార్వర్డ్‌కు వెళ్లడం ఆనవాయితీ, ఆమె అప్లై చేస్తే ఆడవాళ్లను చేర్చుకోం అన్నారు. ఆరేళ్ల తేడాలో రెండు తలుపులు, రెండు వేర్వేరు కారణాలు, బయట నిలబడ్డ మనిషి మాత్రం ఒక్కరే. నల్లవాళ్లను వేరు చేసి పెట్టే చట్టాలను అమెరికాలో 'జిమ్ క్రో' అనేవాళ్లు. అందులో ఆడవాళ్ల వాటాకు మర్రే 'జేన్ క్రో' అని పేరు పెట్టారు.

1964 బిల్లులో ఆడవాళ్ల మాటను చేర్చింది, అసలు ఆ పౌరహక్కుల బిల్లునే వ్యతిరేకించిన హోవర్డ్ స్మిత్, అమెరికా చట్టసభలో వర్జీనియా సభ్యుడు. ఆ మాటను ఉంచాలా తీసెయ్యాలా అని తర్జనభర్జన పడుతున్నప్పుడు మర్రే ఒక మెమో రాసి పంపారు. ఇది తీసేస్తే నల్లజాతి మహిళ సగం రక్షణతో మిగిలిపోతుంది, తనకు పని ఇవ్వనిది నల్లది కాబట్టా ఆడది కాబట్టా అన్నది ఆమె ఏనాటికీ తేల్చి చెప్పలేదు అన్నది ఆమె వాదన. మాట నిలిచింది. పన్నెండేళ్లకు సెయింట్ లూయిస్ కోర్టు, సరిగ్గా ఆ మాటను పట్టుకుని వచ్చిన మహిళలనే తిప్పి పంపింది.

మళ్లీ ఆ తేదీల దగ్గరికి వెళ్లాలి. ఫ్యాక్టరీ గేటు మూసి ఉన్న రోజుల్లో నల్లజాతి మహిళలు ఏం చేసేవాళ్లు? 1940లో పనిచేసే నల్లజాతి మహిళల్లో సుమారు 60 శాతం మంది ఇళ్లలో పనివాళ్లు. వంట, గిన్నెలు, బట్టలు, తెల్లవాళ్ల పిల్లల్ని పెంచడం. 1935లో ముసలితనానికి పింఛను ఇచ్చే చట్టం వచ్చినప్పుడు ఇంటి పనివాళ్లనూ వ్యవసాయ కూలీలనూ బయట పెట్టారు. 1938లో కనీస వేతనాల చట్టం వచ్చినప్పుడూ అంతే. ఆ చట్టాల్లో ఎక్కడా నల్లజాతి మహిళ అన్న మాట ఉండదు, ఏ పనిని బయట ఉంచారో మాత్రం తెలుస్తుంది, ఆ పనిలో ఉన్నదెవరో చూస్తే సరిపోతుంది. ఇంటి పనివాళ్లకు కనీస వేతనం వచ్చింది 1974లో. అంటే డీగ్రాఫెన్‌రీడ్ లాంటివాళ్లు లేఆఫ్ అయిన సమయానికి, వాళ్ల తల్లుల తరం చేసిన పనికి కనీస వేతనం అన్నది అప్పుడప్పుడే చట్టంలోకి ఎక్కుతోంది. ఫ్యాక్టరీ నుంచి బయటికి పోయిన మనిషి వెనక్కి వెళ్లాల్సింది ఆ పనిలోకే.

కోర్టులకు అంతుపట్టనిది సెయింట్ లూయిస్‌లోనే కాదు. కాలిఫోర్నియాలో హ్యూజ్ హెలికాప్టర్స్ కంపెనీ మీద ఒక నల్లజాతి ఉద్యోగిని కేసు వేస్తే, 1983లో కోర్టు ఏమందంటే, ఈమె తనను 'నల్లజాతి మహిళ' అని చెప్పుకుంది కాబట్టి మొత్తం ఆడవాళ్ల తరఫున మాట్లాడలేదు అంది. అక్కడితో ఆమె చూపించగలిగిన లెక్కలు ఆ కంపెనీలోని కొద్దిమంది నల్లజాతి మహిళలకే పరిమితమైపోయాయి, అంత చిన్న సంఖ్యతో ఏదీ రుజువు కాదు. అంతకు ఏడాది ముందు మిసిసిపీలోని ఒక మందుల ఫ్యాక్టరీ కేసులో ఇద్దరు నల్లజాతి మహిళలు గెలిచారు, కానీ నల్లజాతి పురుషుల తరఫున కూడా వాదించే అవకాశం వాళ్లకు ఇవ్వలేదు. తెల్లజాతి మహిళ ఆడవాళ్లందరికీ ప్రతినిధి కావచ్చు, అప్పుడు నీ తెల్లతనం ఏమైంది అని ఆమెను ఎవరూ అడగరు. నల్లజాతి పురుషుడు నల్లవాళ్లందరికీ ప్రతినిధి కావచ్చు. నల్లజాతి మహిళ ఒక కేసులో మిగతావాళ్లకంటే తేడా ఉందని చెప్పి ఓడిపోయింది, ఇంకో కేసులో ఆ తేడా వల్లనే మిగతావాళ్లకు పనికిరాదనిపించుకుంది.

అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో పనిచేసే ఒక నల్లజాతి మహిళ తల నిండా సన్నటి జడలు అల్లుకుని వస్తే కంపెనీ వద్దంది. 1981లో న్యూయార్క్ కోర్టు కంపెనీ వైపే నిలబడింది. ఈ రూలు ఆడవాళ్లకూ మగవాళ్లకూ అందరికీ ఉంది కాబట్టి స్త్రీ వివక్ష కాదు, జడ అల్లుకోవడం పుట్టుకతో వచ్చింది కాదు, ఎవరైనా అల్లుకోవచ్చు, ఈ మధ్య ఒక తెల్లజాతి నటి కూడా అల్లుకుంది, కాబట్టి జాతి వివక్షా కాదు. ఇంట్లో అమ్మమ్మ కూర్చోబెట్టి జడ వేసిన చెయ్యి గుర్తున్న ఎవరికైనా, జుట్టు అన్నది మనిషికీ వంశానికీ మధ్య ఎంత దగ్గరి సంగతో వేరే చెప్పనక్కర్లేదు. జుట్టు పేరుతో చూపే వివక్షను నిషేధిస్తూ అమెరికాలో ఒక రాష్ట్రం, కాలిఫోర్నియా, మొదటిసారి చట్టం చేసింది 2019లో.

వీటిలో జనరల్ మోటార్స్, హ్యూజ్ హెలికాప్టర్స్, మిసిసిపీ కేసులు మూడింటినీ పక్కపక్కన పెట్టి, న్యాయశాస్త్రం చెప్పే కింబర్లే క్రెన్‌షా 1989లో ఒక వ్యాసం రాశారు. 'ఇంటర్‌సెక్షనాలిటీ' అన్న మాట అక్కడి నుంచి వచ్చిందే. ఇప్పుడు ఆ మాట పెద్ద సిద్ధాంతంలా వినిపిస్తోంది, కొందరికి బూతులా కూడా వినిపిస్తోంది, కానీ ఆమె చెప్పిన పోలిక నాలుగు రోడ్ల కూడలి. ఒక రోడ్డు మీద జాతి వివక్ష వస్తూపోతూ ఉంటుంది, ఇంకో దాని మీద స్త్రీ వివక్ష. కూడలి మధ్యలో నిలబడ్డ మనిషిని ఏ వైపు నుంచి వచ్చిన బండైనా గుద్దొచ్చు, ఒక్కోసారి రెండు వైపుల నుంచీ గుద్దుతుంది. అంబులెన్సు వాళ్లు వచ్చి ఏ బండి గుద్దిందో ముందు తేల్చండి, అప్పుడే ఎక్కించుకుంటాం అంటే ఎలా ఉంటుందో, కోర్టులు అడిగింది అలా ఉందని ఆమె చూపించారు.

దీన్ని చాలామంది కూడికలా అర్థం చేసుకుంటారు: ఆడదిగా ఇంత కష్టం, నల్లదిగా ఇంత కష్టం, రెండూ కలిపితే డబుల్. ఎవరి కష్టం ఎక్కువ అన్న పోటీలా కూడా తయారు చేస్తారు, దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. అసలు విషయం కూడికలో లేదు. సెయింట్ లూయిస్‌లో తెల్లజాతి మహిళకు జరగనిది, నల్లజాతి పురుషుడికి జరగనిది, నల్లజాతి మహిళకు జరిగింది. రెండు సున్నాలు కూడితే సున్నానే రావాలి, కానీ అక్కడ ఉద్యోగాలు పోయాయి. విడివిడిగా చూస్తే కనిపించకపోవడమే దీని లక్షణం, అందుకే దీన్ని పట్టుకోవాలంటే లెక్కను ఎక్కడ చీల్చి చూడాలో తెలియాలి.

కంప్యూటర్ల మీద జరిగిన ఒక పరిశోధన ఈ ముక్కను చాలా తేటగా చూపించింది. మనిషి ముఖం చూసి ఆడో మగో చెప్పే సాఫ్ట్‌వేర్‌లను జాయ్ బులమ్‌విని, టిమ్నిట్ గెబ్రూ 2018లో పరీక్షించారు, మైక్రోసాఫ్ట్, ఐబీఎం, ఫేస్ ప్లస్ ప్లస్ కంపెనీలవి. మొత్తం మీద చూస్తే మూడూ బాగానే పనిచేస్తున్నట్టు కనిపిస్తాయి, పదింటికి తొమ్మిది సరిగ్గా చెబుతున్నాయి. వాళ్లిద్దరూ అక్కడితో ఆగకుండా, ఆడా మగా, తెలుపూ నలుపూ కలిపి నాలుగు గళ్లుగా విడగొట్టి చూశారు. తెల్లటి మగవాళ్ల గడిలో తప్పులు 0.8 శాతం దాటలేదు. నల్లటి ఆడవాళ్ల గడిలో అవి 34.7 శాతం దాకా వెళ్లాయి. ఆడవాళ్లందరినీ ఒక గడిలో వేస్తే ఆ 34.7 కనబడదు, నల్లవాళ్లందరినీ ఒక గడిలో వేసినా కనబడదు. ఆ నాలుగో గడి గీసినప్పుడే కనబడింది.

ప్రాణం మీదికి వచ్చే చోట కూడా ఇదే లెక్క నడుస్తోంది. అమెరికాలో గర్భంతో ఉన్నప్పుడూ, కాన్పు సమయంలోనూ, ఆ తర్వాతి రోజుల్లోనూ చనిపోయే తల్లుల సంఖ్య 2022లో లక్ష కాన్పులకు 22.3 ఉంటే, 2023లో 18.6కు తగ్గింది. చదివి హమ్మయ్య అనుకుంటాం. విడగొట్టి చూస్తే, తెల్లజాతి మహిళల్లో 19.0 నుంచి 14.5కు తగ్గింది, నల్లజాతి మహిళల్లో 49.5 ఉన్నది 50.3 దగ్గరే ఉండిపోయింది. దేశం సగటు మెరుగుపడిన ఏడాదిలోనే ఇద్దరి మధ్య దూరం పెరిగింది.

డబ్బు లేక, చదువు లేక, ఊరికి దూరంగా ఉండి ఇలా అవుతోందేమో అనిపించడం సహజం, కొంత అది కూడా ఉంది. కానీ అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2019లో ప్రకటించిన విశ్లేషణ ప్రకారం, డిగ్రీ చదివిన నల్లజాతి మహిళలు గర్భం వల్ల వచ్చే సమస్యలతో చనిపోయే రేటు డిగ్రీ చదివిన తెల్లజాతి మహిళలతో పోలిస్తే అయిదు రెట్లకు పైనే ఉంది. హైస్కూలు కూడా పూర్తి చేయని తెల్లజాతి మహిళలకంటే కూడా వాళ్ల రేటే ఎక్కువ. చదువు ఇక్కడ ఆదుకోవడం లేదు.

టెన్నిస్ క్రీడాకారిణి సెరెనా విలియమ్స్‌కు 2017 సెప్టెంబరులో ఆపరేషన్ చేసి కాన్పు చేశారు. మర్నాడు ఆమెకు ఊపిరి ఆడకుండా అయ్యింది. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టే సమస్య ఆమెకు అంతకుముందే ఉంది, ఆపరేషన్ కోసం ఆ మందులు ఆపేశారు, కాబట్టి ఏం జరుగుతోందో ఆమెకు వెంటనే అర్థమైంది. పక్కనున్న తల్లి కంగారు పడుతుందని గది బయటికి నడుచుకుంటూ వెళ్లి, నర్సుతో నాకు సీటీ స్కాన్ తియ్యాలి, హెపారిన్ ఎక్కించాలి అని చెప్పింది. ఏం కావాలో పరీక్ష పేరు, మందు పేరు సహా చెప్పింది. నొప్పి మందుల వల్ల ఈమెకు కాస్త గందరగోళంగా ఉందేమో అనుకుంది నర్సు. డాక్టరు వచ్చి కాళ్లకు అల్ట్రాసౌండ్ చేశారు, ఏమీ కనబడలేదు. ఆమె పట్టుబట్టాక సీటీ తీస్తే ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న గడ్డలు. దగ్గుకు కుట్లు ఊడిపోయాయి, లోపల రక్తస్రావమైంది, మళ్లీ ఆపరేషన్లు, ఇంటికి వచ్చాక ఆరు వారాలు మంచం మీదే.

సింగిల్స్‌లో ఇరవై మూడు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచిన మనిషి, తన ఒంటి గురించి తనకు తెలిసినంత ఎవరికీ తెలియనంతగా ఒంటితోనే బతికిన మనిషి, అంత స్పష్టంగా చెబితే కూడా మొదటిసారికి వినలేదు. ఆ ఒక్క నర్సు మనసులో ఏముందో ఎవరం చెప్పలేం, ఆమె చెడ్డదనీ అననక్కర్లేదు. కానీ కాన్పు నొప్పుల్లో ఆడవాళ్లు చెప్పేది కాస్త పెంచి చెబుతారన్న నమ్మకం ఆస్పత్రుల్లో పాతదే, ఇక్కడా ఉంది. అమెరికాలో దాని మీద ఇంకో నమ్మకం వచ్చి చేరింది. 2016లో వర్జీనియా యూనివర్సిటీలో జరిగిన పరిశోధనలో, తెల్లజాతి వైద్య విద్యార్థులు, జూనియర్ డాక్టర్లలో దాదాపు సగం మంది, నల్లవాళ్ల చర్మం మందంగా ఉంటుంది లాంటి తప్పుడు నమ్మకాల్లో కనీసం ఒకటైనా నిజమేనన్నారు. అలా నమ్మేవాళ్లు నల్లవాళ్ల నొప్పిని తక్కువగా అంచనా వేశారు కూడా. ఆడవాళ్లు నొప్పిని ఎక్కువ చేసి చెబుతారు, నల్లవాళ్లకు నొప్పి తక్కువ తెలుస్తుంది. ఈ రెండు నమ్మకాలూ ఒకే మంచం దగ్గర కలిస్తే, ఆ మంచం మీదున్న మనిషి ఏం చెప్పినా చెవికెక్కడం కష్టం.

ఈ నమ్మకాల పుట్టుక ఎంత వెనక్కి వెళుతుందంటే, స్త్రీల వ్యాధుల శస్త్రచికిత్సకు పితామహుడని పొగిడిన మారియన్ సిమ్స్ 1840లలో అలబామాలో బానిస మహిళల మీద మత్తుమందు లేకుండా పదే పదే ఆపరేషన్లు చేసి ఆ పద్ధతి నేర్చుకున్నాడు. అనార్కా, బెట్సీ, లూసీ అన్న మూడు పేర్లు మిగిలాయి. ఒంటిపేర్లే, బానిసలకు ఇంటిపేర్లు రాసేవాళ్లు కాదు. న్యూయార్క్ సెంట్రల్ పార్క్ దగ్గరి ఆయన విగ్రహాన్ని 2018లో తీసేశారు.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనుకునేవాళ్లు 1979 జనవరిలో లండన్ హీత్రూ విమానాశ్రయంలో జరిగింది తెలుసుకోవాలి. ఇండియా నుంచి ఒక టీచరు, 35 ఏళ్ల మనిషి, పెళ్లి చేసుకోవడానికి వచ్చింది. అప్పటి బ్రిటన్ రూల్స్‌లో పెళ్లయిన భార్య రావాలంటే ముందే అనుమతి కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాలి, కాబోయే భార్య అయితే మూడు నెలల్లో పెళ్లి చేసుకుంటానని చెప్పి రావచ్చు. ఈమె నిజంగా కాబోయే భార్యా, లేక ముందే పెళ్లయి అబద్ధమాడుతోందా అని ఇమిగ్రేషన్ వాళ్లకు అనుమానం వచ్చింది. తేల్చుకోవడానికి వాళ్లు ఎంచుకున్న మార్గం కన్యత్వ పరీక్ష. ఆడ డాక్టరు కావాలని అడిగింది, ఇవ్వలేదు. ఒప్పుకోకపోతే వెనక్కి పంపేస్తారన్న భయంతో కాగితం మీద సంతకం పెట్టింది. మగ డాక్టరు పరీక్ష చేశాడు.

ఈ పరీక్ష ఏ తెల్లజాతి మహిళకూ చేసి ఉండేవాళ్లు కాదు, ఎందుకంటే తెల్లజాతి మహిళ పెళ్లికి ముందు కన్య అయి ఉండి తీరుతుందని ఏ అధికారీ అనుకోడు. భారతీయ పురుషుడికి చేసే ప్రశ్నే లేదు. భారతీయ ఆడవాళ్లు అణకువగా ఉంటారు, పెళ్లి కాకుండా మగవాడి దగ్గరికి వెళ్లరు, కాబట్టి కన్య కాకపోతే పెళ్లయినట్టే, అన్న ఒక్క ఊహ మీద ఆ పరీక్ష మొత్తం నిలబడి ఉంది. అందులో జాతి ఎంత, ఆడతనం ఎంత అని కత్తి పెట్టి కోసి చూపించమంటే ఎవరివల్లా కాదు. మొదట ప్రభుత్వం అలాంటిదేమీ లేదంది, పేపర్లో వచ్చి గొడవయ్యాక ఆపేసింది. 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు బయటపెట్టిన బ్రిటిష్ ప్రభుత్వ ఫైళ్లను బట్టి, 1970ల చివరి సంవత్సరాల్లో కనీసం 80 మంది మహిళలకు ఇలాంటి పరీక్ష జరిగింది, ఎక్కువ భాగం లండన్‌లో కూడా కాదు, ఇండియాలోని బ్రిటిష్ కార్యాలయాల్లోనే.

ఇంకా వెనక్కి వెళితే తెలుగువాళ్లే కనిపిస్తారు. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు కూలి ఒప్పందం మీద ఒక లక్షా 50 వేల మందికి పైగా భారతీయులు ఓడలెక్కి వెళ్లారు, మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఒప్పందంలో మగవాడికి మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు, ఆడమనిషికి అందులో సగం, తిండి గింజల్లో కూడా సగమే. తర్వాత నేటాల్ ప్రభుత్వం, ఒప్పందం అయిపోయాక ఇండియాకు తిరిగి వెళ్లకుండా, మళ్లీ ఒప్పందంలోకి రాకుండా అక్కడే స్వతంత్రంగా ఉండిపోయే భారతీయుల మీద తలకు ఏడాదికి మూడు పౌన్ల పన్ను వేసింది. ఈ పన్ను దగ్గర సగం లేదు, ఆడమనిషికీ పూర్తి మూడు పౌన్లే, పైగా తర్వాత పిల్లలకు కూడా దాన్ని పొడిగించినప్పుడు మగపిల్లలకు పదహారేళ్ల నుంచి, ఆడపిల్లలకు పదమూడేళ్ల నుంచే. ఒప్పందపు జీతంతో పోల్చి చూస్తే మూడు పౌన్లు మగవాడికి ఆరు నెలల సంపాదన, ఆడమనిషికి పూర్తి సంవత్సరం. కూలి ఇచ్చేటప్పుడు ఆడది, పన్ను వసూలు చేసేటప్పుడు భారతీయురాలు. ఆ పన్ను 1914 దాకా నడిచింది.

కులమూ జాతీ ఒకటి కాదు, ఒకదాని స్థానంలో ఇంకోదాన్ని పెట్టి మాట్లాడడం రెండిటికీ అన్యాయం. అయినా క్రెన్‌షా ఎత్తి చూపిన చిక్కు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసుతో మన సుప్రీంకోర్టు ముందుకూ వచ్చింది. 2011 మార్చిలో ఒక షెడ్యూల్డ్ కులానికి చెందిన అమ్మాయి మీద, పుట్టుకతో చూపు లేని అమ్మాయి మీద, ఆమె అన్నదమ్ముల స్నేహితుడు, ఇంటికి వస్తూపోతూ ఉండేవాడు, అత్యాచారం చేశాడు. గొంతును బట్టి ఆమె అతన్ని గుర్తుపట్టింది. చూపులేని మనిషి సాక్ష్యాన్ని ఎలా నమ్ముతాం అన్నది నిందితుడి తరఫు వాదన. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది, ఆమె సాక్ష్యం మిగతా ఎవరి సాక్ష్యానికీ తీసిపోదని చెప్పి, అత్యాచారం నేరానికి వేసిన యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది.

రెండో భాగం దగ్గర కోర్టు ఆగింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం (అట్రాసిటీ చట్టం) కింద వేసిన శిక్ష నిలబడాలంటే, బాధితురాలు ఆ కులానికి చెందినది 'అన్న కారణంగా' నేరం జరిగిందని రుజువు చేయాలి, పాత చట్టంలోని మాటలు అవి. ఆడది అన్న కారణంగానా, చూపు లేదన్న కారణంగానా, కులం కారణంగానా? జస్టిస్ చంద్రచూడ్ రాసిన తీర్పులో ఇంటర్‌సెక్షనాలిటీ గురించి పేజీల కొద్దీ ఉంది, ఇలాంటి మనిషి జీవితంలో ఈ కారణాలను ఒకదాని నుంచి ఒకటి విడదీయడం ఎంత కష్టమో విడమరచి రాశారు, అలా విడదీయమనడం వల్ల ఈ చట్టం కింద శిక్షలు నిలబడకుండా పోతున్నాయన్నది కూడా గుర్తించారు. పౌలీ మర్రే 1964లో తన మెమోలో చెప్పింది కూడా ఇదే.

అయినా ప్రాసిక్యూషన్ కులం గురించి విడిగా సాక్ష్యం పెట్టలేదు కాబట్టి, ఆ చట్టం కింద పడిన శిక్షను కోర్టు కొట్టేసింది. చట్టంలోని మాటలు 2016 జనవరి నుంచి మారాయి. ఇప్పుడు 'అన్న కారణంగా' అని రుజువు చేయనక్కర్లేదు, బాధితురాలి కులం 'తెలిసి' చేశాడని చూపిస్తే చాలు. ఆ అమ్మాయి అన్నదమ్ములతో తిరిగిన మనిషికి, ఆ ఇంటికి వస్తూపోతూ ఉన్న మనిషికి, ఆ ఇంటి కులం తెలియకుండా ఉండదు. కానీ ఆమెకు అది జరిగింది 2011లో, మారిన మాట ఆమె కేసుకు అందలేదు.